ఎర్ర గీత

గోల్ పడింది. ఎవరూ గెంతలేదు.

ఎల్బీ నగర్ గ్రౌండులో ఆడపిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంటు జరుగుతోంది. బంతిని నెట్‌లోకి కొట్టిన అమ్మాయిని తోటివాళ్ళు వాటేసుకోలేదు. అందరూ ఒక్కసారే షామియానా వైపు తిరిగారు. అక్కడ వీడియోలు తీసే సాయినాథ్ ల్యాప్‌టాప్‌లో ఆ గోల్‌ని వెనక్కి తిప్పి చూస్తున్నాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. చివరికి బొటనవేలు పైకెత్తాడు. అప్పుడు అరిచారు పిల్లలు, పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ నవ్వమంటే నవ్వినట్టు.

"చూశావా యాదలక్ష్మీ?" అన్నాడు సీతారాములు. "ఆటంటే ఆ ఒక్క క్షణమే. దాన్ని కాస్తా తీసుకెళ్ళి కెమెరాకి అప్పజెప్పారు. ఆఫ్‌సైడో కాదో లైన్స్‌మన్ జెండా పట్టుకుని గీత పక్కన నిలబడి చూసి చెప్పేవాడు, అయిపోయేది. తిట్టుకున్నా ఆ పూటతో సరి."

ముప్పై ఏళ్ళు స్కూల్లో ఆటలు నేర్పి, పోయినేడు రిటైరైన మనిషి సీతారాములు. ఆయన జెండా ఎత్తితే తిరుగులేదని ఈ చుట్టుపక్కల పేరు. టోర్నమెంటు వాళ్ళు గౌరవంగా పిలిచి కుర్చీ వేశారు.

యాదలక్ష్మి గ్రౌండు మీదనుంచి చూపు తిప్పలేదు. ఆడుతున్నది ఆమె తయారుచేసిన పిల్లలే.

"ఆ పూటతో సరి కాలే సార్," అంది మెల్లగా. "సంబురం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమైతది? నాది ఆ ఫైనల్ల పోయి పదకొండేండ్లాయె. ఇంక రానే రాలే."

సీతారాములు కుర్చీలో పక్కకి తిరిగాడు.

పదకొండేళ్ళ కిందట, కాలేజీల ఫైనల్లో ఆ లైన్స్‌మన్ తనే. ఆఖరి నిమిషంలో గోల్ కొట్టింది యాదలక్ష్మి. రెండు చేతులూ చాచి సగం గ్రౌండు పరిగెత్తింది. అప్పటికి గానీ ఆమెకి పైకి లేచిన జెండా కనపడలేదు. గోల్ పోయింది, కప్పు పోయింది. రాష్ట్ర జట్టుని ఎంచే స్టేట్ క్యాంపుకి గెలిచిన జట్టు పిల్లలనే పిలిచారు. "ఇగ ఆట చాలు బిడ్డా" అని ఆమె తండ్రి మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనికి పెట్టాడు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. తెల్లారి లేచి ఈ పిల్లలకి ఆట నేర్పి, ఆ తర్వాత దుకాణానికి పోతుంది.

ఆ రోజు పడమటి ఎండ సరిగ్గా సీతారాములు కళ్ళలో కొట్టింది. జెండా ఎత్తిన మరుక్షణమే అనుమానం పట్టుకుంది. కానీ ఎత్తిన చెయ్యి దించడం ఆయన వల్ల కాలేదు.

షామియానాలోంచి సాయినాథ్ తల తిప్పాడు. "ఏ ఫైనల్ అక్కా? సరూర్‌నగర్‌ల అయినదా? అది నేనే తీసిన. షాపుల పాత హార్డ్‌డిస్కుల ఉంటది. రేపు పొద్దుగాల రా, గీత గీసి సూపిస్త."

యాదలక్ష్మి చటుక్కున లేచి నిలబడింది. "సార్, మీరు గూడ రావాలె. మీరు లేకుంట నేను సూడ."

"వస్తాను," అన్నాడు సీతారాములు.

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సందులో సాయినాథ్ దుకాణం కిక్కిరిసింది. యాదలక్ష్మి తన జట్టు పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. కుర్చీ ఒక్కటే ఉంటే సీతారాములుని బలవంతంగా కూర్చోబెట్టారు.

"జర ఆ రూలేందో చెప్పుండ్రి సార్. పిల్లలు గూడ ఇంటరు," అంది.

"బంతి తోటి ఆటగత్తె కాలిని వదిలిన క్షణంలో నువ్వెక్కడున్నావన్నదే లెక్క." అన్నాడు సీతారాములు. "అంతకు ముందూ కాదు. ఆ తర్వాతా కాదు. అప్పుడు ఆఖరి డిఫెండర్ని దాటి ఉంటే గోల్ చెల్లదు."

సాయినాథ్ వీడియో నడిపించాడు. మసకమసగ్గా గ్రౌండు. పొడుగు జడతో పదిహేడేళ్ళ యాదలక్ష్మి. బంతి తోటి ఆటగత్తె కాలి దగ్గర్నుంచి కదలగానే బొమ్మ ఆగింది. ఆఖరి డిఫెండర్ పక్కనుంచి తెరకి అడ్డంగా ఎర్ర గీత పడింది.

యాదలక్ష్మి భుజం, మోకాలు గీత దాటి ఉన్నాయి. జానెడు.

ఆమె తెర దగ్గరికి వెళ్ళి ఆ జానెడు జాగా మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఉంచి, ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది.

"దాటిన సార్. నేనే దాటిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ జెండ ఎత్తిన చెయ్యి పడిపోవాలని మొక్కిన నేను. ఎన్ని పండుగలకు మొక్కిన్నో!"

వంగి ఆయన కాళ్ళు పట్టుకుంది. సీతారాములు నిప్పు తొక్కినట్టు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"లే అమ్మా, లే. అంత మాటలొద్దు."

"అనాలె సార్. మీరు మా దుకాణం కాడికి రాంగనె రోడ్డు దాటి అవతలికెల్లి పోతరు. రోజు సూస్తనే ఉంట. నా మొహం సూడలేక పోతున్నరు, తప్పు చేసిండు గనకనే అనుకున్న. తప్పు నాది. ఇగ ఇవతల్నుంచే పోండి. లోపలికి రాండి, చాయ్ తాగి పోండి."

తలుపు దగ్గరున్న చిన్న పిల్ల అడిగింది: "గట్లయితే కెమెరా మంచిదే గదక్కా?"

"మంచిదే బిడ్డా," అంది యాదలక్ష్మి. "అది అబద్ధం చెప్పది."

ఆమె మొహం కడిగినట్టు తేటగా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయినాథ్ ఎవరివైపూ చూడకుండా ల్యాప్‌టాప్ మూసేశాడు. సీతారాములు చెమట తుడుచుకుంటూ కుర్చీలోంచి లేచాడు.

ముందురోజు సాయంత్రం ఒక్కడే ఈ దుకాణానికి వచ్చి, బంతి కాలిని వదిలిన బొమ్మలో యాదలక్ష్మి గీతకి వెనకే ఉండటం కళ్ళారా చూసి, "దీని తర్వాతి బొమ్మలో గీత దాటేసింది, అక్కడ ఆపు బాబూ, నీకు దండం పెడతాను" అని సాయినాథ్‌ని బతిమాలుకున్నది ఆయనే.