హమ్ పోవాలి

“ఇన్నేళ్ళుగా ఒక్క ఆడమనిషి చేతికీ వాయిద్యం ఇవ్వంది మీరే! మళ్ళీ ఆడోళ్ళకి చాతకాదని చెప్పేదీ మీరే!”

నరసరావుపేటలో ఆర్కెస్ట్రా నడిపే రాజరత్నం మీద కీర్తి విరుచుకుపడింది.

ఆయన నవ్వాడు. “పాడతానను, మైకిస్తా. బేసు గిటారు మగోళ్ళ పని. వేళ్ళలో బలముండాల.”

“వాయిస్తా.”

“నోటితో కాదు. మన పాత కాసెట్టుందే, దాంట్లో నేను వాయించిన బేసు ఇంట్లోనే వాయించి రికార్డు చేసి పట్రా. గుయ్యిమనే మోత ఉండకూడదు. నచ్చితే శివరాత్రి తిరనాళ్ళకి కోటప్పకొండ ప్రభ మీద, ఆ ఎత్తైన దీపాల బండి మీద, నువ్వే వాయిద్దువు.”

ఆయన వెనక గోడకి ఆ కాసెట్టు అట్ట పటం కట్టి ఉంది. గిటారు పట్టుకుని ఆయనే.

బేసంటే పాట అడుగున నడిచే లావు తీగల గిటారు. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆపితే పాట కూలబడుతుంది.

కీర్తి మేడ మీద తన గదిలో స్పీకరు ముందు మైకు పెట్టి వాయించింది. రికార్డు వింది. కింద వీధిలో ఆటోలు. పక్క గదిలో కుట్టుమిషను. దాంతోపాటు ఎవరిదో కూనిరాగం.

వెళ్ళి పక్క తలుపు బాదింది.

తీసింది షకీలా. ఈమధ్యే అద్దెకు దిగి, జాకెట్లు కుట్టుకుంటున్న పెద్దావిడ.

“పిన్నీ, నా రికార్డులో హమ్ వస్తంది. హమ్ పోవాల.”

“హమ్ అంటే మా ఉర్దూలో మేము అమ్మాయ్. మేం పోవాలా?”

కీర్తి నాలుక కరుచుకుంది. “అయ్యో, అది కాదు పిన్నీ! హమ్ అంటే మోత. మీ కూనిరాగం.”

“ఏం చెయ్యను? చెయ్యాడితే నా గొంతు ఊరుకోదు.”

నిజంగానే ఊరుకోలేదు. కీర్తి వాయిస్తుంటే గోడ అవతల రాగం. ఒక్కోసారి కీర్తి ఇంకా చేరని మలుపు అక్కడ ముందే వినబడేది. ఊరందరికీ వచ్చిన పాటే గదా అనుకుని పళ్ళు నూరుకుంది.

మైకు ఉంటేనే గదా ఈ గొడవ. మైకే తీసిపారేద్దామనుకుంది.

గిటారు శబ్దాన్ని కాస్త పెంచి, మైకుతో పని లేకుండా తిన్నగా కంప్యూటర్లోకి పంపే చిన్న పెట్టె ఒకటుంటుంది. కొనను, నేనే చేస్తానంది. ఫోనులో వీడియోలు చూసి సాల్డరింగు పట్టింది. వేలు కాల్చుకుంది. అన్నీ అతికాయి గానీ, డబ్బా లేకుండా వాయిస్తే జోరీగలా ఒకటే రొద. చుట్టూ లోహపు డబ్బా ఉండాలి, దానికి ఎర్తు తీగ కట్టాలి.

“ఏంది అమ్మాయ్ వెతుకుతున్నావ్?” అంది షకీలా గుమ్మంలో నిలబడి.

“డబ్బా పిన్నీ. మీ హమ్ రాకుండా చేసే డబ్బా.”

షకీలా పకపకా నవ్వింది. లోపలికెళ్ళి తన స్టీలు టిఫిను డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. మూత మీద చుక్కచుక్కలుగా పేరు కొట్టించి ఉంది: షకీలా.

“మరి మీ అన్నానికి?”

“గిన్నెలో తింటాలే. ఆ మగోళ్ళ ముందు మాత్రం తల దించమాక.”

డబ్బాకి బెజ్జాలు పడ్డాయి. సాకెట్లు బిగిశాయి. ఎర్తు తగిలింది. మూత పడగానే రొద చచ్చింది. ఆటోలు లేవు, మిషను లేదు, షకీలా లేదు. బేసు ఒక్కటే, శుభ్రంగా.

ఆవిడకి వినిపిద్దామని పరుగెత్తితే పక్క గదికి తాళం. రొంపిచెర్లలో కూతురింటికి పోయిందన్నారు.

శుక్రవారం, జుమ్మా నాడు కబురొచ్చింది. నిద్రలోనే పోయిందట.

కీర్తి వెక్కి వెక్కి ఏడ్చింది. ముఖం కడుక్కుంది. డబ్బా చంకన పెట్టుకుని రాజరత్నం దగ్గరికి పోయింది.

ఆయన రికార్డు విన్నాడు. “మోత లేదు. తప్పూ లేదు. కానీ మన కాసెట్టులో ఉన్న బరువేదీ? ఇదిగో విను.”

టేపు తిరిగింది. కీర్తి ఇన్నాళ్ళూ ఆ పాటను ఫోనులోనే విన్నది. ఈ పెద్ద స్పీకర్లలో బేసు కింద ఇంకేదో ఉంది.

“ఆ హమ్ ఏంది?”

“అప్పటి మిషన్లంతే. ఎర్తు సరిగా ఉండేది కాదు.”

ఎర్తు మోతయితే ఒకే తీరుగా గుయ్యిమనాలి. ఇది బేసుతోపాటు ఎక్కుతోంది, దిగుతోంది. మలుపు దగ్గర తీగ కన్నా ముందే తిరుగుతోంది.

చెయ్యాడితే ఊరుకోని గొంతు.

కీర్తి ఫోను తీసింది. పాడైపోయిందని పక్కన పడేసిన మొదటి రికార్డు అందులోనే ఉంది. దాన్ని అవే స్పీకర్లకి తగిలించింది.

అదే గొంతు. కాస్త ముసలిదైంది, అంతే.

రాజరత్నం చెయ్యి టేపు మీదికి పోయి ఆగిపోయింది. కళ్ళు డబ్బా మూత మీది చుక్కల దగ్గర ఆగాయి.

“ఆమె... ఈ ఊళ్ళోనే ఉందా?”

“పోయింది. పోయే ముందు తన అన్నం డబ్బా నాకిచ్చి పోయింది. మీరు ఆమెకేమిచ్చారు?”

“అప్పటి రోజులు వేరమ్మా.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడదంతా ఎందుకులే. ప్రభ మీద నువ్వే వాయించు. సరేనా?”

“వాయిస్తా. ముందు ఆ గోడ మీద పటం దించండి.” కీర్తి డబ్బాను ఆయన ముందుకి నెట్టింది. “దించి, రేపు శివరాత్రికి ప్రభెక్కి మైకు పట్టుకుని, ఆ కాసెట్టులో బేసు వాయించింది నేను కాదు, షకీలా అని జనమందరికీ వినబడేట్టు మీ నోటితోనే చెప్పండి!”