బలపరిచే మనిషి

“కామ్రేడ్ బ్రహ్మయ్య మృతికి సంతాపంగా రెండు నిమిషాలు మౌనం,” అని ప్రకటించి, ఏడుకొండలు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

బ్రహ్మయ్య పోవడంతో గురజాలలో శ్రామిక సమతా పార్టీకి మిగిలిన సభ్యుడు ఆయనొక్కడే. మౌనం ముగించి కూర్చుని, మినిట్స్ పుస్తకంలో హాజరు దగ్గర పద్ధతి ప్రకారం ఇంటిపేరుతో సహా తన పేరు రాసుకున్నాడు.

గుమ్మంలో లింగమ్మ టీ గ్లాసుతో నిలబడి ఉంది. వారమంతా క్వారీలో రాళ్లు కొట్టి, ఆదివారం ఈ ఆఫీసు ఊడ్చి మీటింగుకి టీ పెట్టడం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు.

“ఇదే ఆఖరు మీటింగు లింగమ్మా. ఆఫీసు మూసేద్దామని తీర్మానం పెడుతున్నా.”

“పెట్టన్నా.”

“పెడితే చాలదు, బలపరిచేదానికి ఇంకో మనిషుండాలి. మూసేదానిక్కూడా మనిషి లేకపాయె.”

“నేనైతే బలపరచను.”

ఏడుకొండలు నవ్వాడు. “నువ్వు మెంబరువి కాదుగా.”

“నన్నెవురడిగారన్నా? మీరు కూలి పెంచమని కొట్లాడింది మా కోసమేగా. అన్ని మీటింగులూ ఈ గుమ్మంలో నిలబడే విన్నా. లోపలికొచ్చి కూర్చోమని ఒక్కరన్నా అనలా.”

ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి బ్రహ్మయ్య కుర్చీని గుమ్మం వైపు జరిపాడు. ఆమె టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ అంచు మీద కూర్చుంది.

ఏడుకొండలు పుస్తకం దగ్గరికి లాక్కుని తన పేరు కింద రాయబోయాడు. మొదటి అక్షరం దగ్గరే కలం ఆగింది.

“లింగమ్మా,” అన్నాడు తలెత్తకుండా, “నీ ఇంటిపేరేంది?”