అడ్డం తిరిగిన తాళం

నేను వంటింట్లో కాఫీ వడకడుతున్నాను. గదిలో మా ఆయన ఎలీహియో వాయిస్తున్న కోంగా డ్రమ్ము తాళం ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. వడకట్టడం ఆపి చెవులు రిక్కించాను.

మా పాటకి ప్రాణం ఆ తాళమే. మూడు దెబ్బలు, ఆపైన రెండు. మూడు పడాల్సిన చోట రెండు పడితే మా హవానాలో చంటిపిల్లలు కూడా మొహం చిట్లిస్తారు. జీవితమంతా జాజ్ బృందాల్లో వాయించిన ఎలీహియో ఒక్కసారీ తప్పలేదు. కానీ పోయిన నెల డాక్టరు స్కానింగు చూసి, ఆయనకి మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. అప్పట్నుంచీ ఆయన చేతుల్ని వింటూ బతుకుతున్నాను.

"ఏమే ముసలిదానా, నిద్రపోయావా? వచ్చి చప్పట్లు కొట్టు!"

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. చెబితే ఈ మనిషి మళ్లీ డ్రమ్ము ముట్టడు. ముట్టకపోతే బతకడు. ఆయన తప్పుకి తగ్గట్టే నేనూ తాళం తిరగేసి చప్పట్లు కొట్టాను.

"ఎలా ఉందే?"

"నిక్షేపంలా ఉంది. నీ చేతికేం రోగం, ముసలోడా!"

ఎలీహియో ఆగిపోయాడు. అరచేతులు రెండూ డ్రమ్ము మీద ఆనించి నన్ను చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తాళం కావాలనే తిప్పానే. నువ్వు చెబుతావో లేదో చూద్దామని."

నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"మొన్న శనివారం క్లబ్బులో నేను వాయిస్తే జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారే..." డ్రమ్ము మీంచి చేతులు తీసేశాడు. "ఆ చప్పట్లూ ఇలాంటివేనా, ఒబ్దూలియా?"