ఎర్ర సిరా మాస్టారి నడవడిక

కానిస్టేబులు బండిని మాస్టారి గేటు ముందే ఆపి, లోపలికి రాకుండా ఎదురింటి తలుపు తట్టాడు.

మాస్టారు కిటికీ రెక్క చాటున నిలబడి చూస్తున్నారు. ఎదురిల్లు టైలరమ్మది. పోయినేడు ఆమె కూతురి పెళ్ళికార్డు ఇచ్చి వెళ్తే, అందులో ఇంగ్లీషు తప్పులకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పెళ్ళికి వెళ్ళకుండా కార్డును మాత్రం వెనక్కి పంపారు. ఇప్పుడు ఆయన విదేశీ ప్రయాణం ఆమె నోటిమాట మీద ఉంది.

రిటైరైన ఇంగ్లీషు మాస్టార్లకు విదేశంలో ఒక బడి ఉద్యోగాలిస్తోంది. మాస్టారిని రమ్మంది. అక్కణ్ణుంచి మొదలైంది కాగితాల తిరుగుడు. డిగ్రీ పట్టా మీద ముద్ర కావాలన్నారు. ముద్ర వేసేవాడు ముందు మరొకడి సంతకం తెమ్మన్నాడు. ఆ మరొకడు సెలవులో ఉన్నాడు. డాక్టరు కళ్ళు, గుండె, పళ్ళు, సంతలో ఎద్దును చూసినట్టు చూసి సరేనన్నాడు. ఆఖరికి ఫారాలన్నీ పట్టుకెళ్తే కౌంటరులో అమ్మాయి ఒక్క చూపు చూసి వెనక్కి తోసింది.

"ఎర్ర సిరాతో సంతకం పెట్టారేంటండీ? చెల్లదు."

"ఉద్యోగమంతా ఈ పెన్నుతోనే చేశానమ్మా."

"అప్పుడు మీరు దిద్దేవారు. ఇప్పుడు మిమ్మల్ని దిద్దుతున్నారు. నీలం పెన్ను తెచ్చుకోండి."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. మాస్టారు పళ్ళు బిగించి అన్నీ మళ్ళీ రాసుకొచ్చారు. అవన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఒకటే, నడవడిక మంచిదని పోలీసులిచ్చే పత్రం. దానికోసం ఇరుగుపొరుగును విచారిస్తారని తెలిసిన రోజే ఆయనకు అన్నం సయించలేదు.

భార్య ఉన్నన్నాళ్ళూ ఈ బెంగ లేదు. ఆయన ఎవరితోనైనా పేచీ పడి వస్తే, మర్నాడు ఆవిడ ఆ ఇంటికి గిన్నెడు కూర పట్టుకెళ్ళి నవ్వించి వచ్చేది. ఆవిడ పోయింది. గిన్నె ఆగింది. పేచీలు ఆగలేదు. ఇప్పుడు పాఠం చెబుదామంటే ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు. ఈ ప్రయాణం తప్పిపోతే మిగిలిన బతుకంతా ఆ గోడలతోనే.

ఎదురు వాకిట్లో టైలరమ్మ మెడలో టేపుతో నిలబడి, గొంతు తగ్గించి కానిస్టేబుల్ని ఏదో అడిగింది. అతను తలూపాడు. ఆమె ఇటు కిటికీ వైపు చూసింది. మాస్టారు చటుక్కున పక్కకు తప్పుకున్నారు.

"మాస్టారి గురించా?" ఆమె గొంతు ఉన్నట్టుండి వీధి చివరిదాకా లేచింది. "దేవుడండీ. ఆయన నోట ఒక్క దురుసు మాట విన్నది లేదు. రాసుకోండి."

మాస్టారు గోడకు ఆనుకున్నారు.

కానిస్టేబులు మూల మీది కిరాణా కొట్టుకు వెళ్ళాడు. బోర్డులో ఉన్న తప్పు తూకంలోనూ ఉంటుందని పదిమందిలో అన్నప్పటి నుంచీ కొట్టాయన మాస్టారి మొహం చూడటం మానేశాడు. అక్కడా అదే తంతు. ముందు గుసగుస. కానిస్టేబులు తలూపడం. తర్వాత ఎలుగెత్తి పొగడ్త.

"బంగారమండీ. అలాంటి మనిషి ఏ దేశంలో ఉంటే ఆ దేశం బాగుపడుతుంది."

పక్కింటి బ్యాంకాయన మీద మోటారు సైకిలు చప్పుడు గురించి మాస్టారు చేయని ఫిర్యాదు లేదు. ఆయన కానిస్టేబుల్ని చెవి దగ్గరకు పిలిచి ఏదో అడిగి, జవాబు విని, వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఇంకేమైనా రాయాలా? సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

చివరికి కానిస్టేబులు మాస్టారి గుమ్మం ఎక్కాడు.

"మీ పని అయిపోయింది మాస్టారూ. ఇన్నాళ్ళ సర్వీసులో ఇంత మంచి రిపోర్టు ఎవరికీ రాయలేదు. మామూలుగా ఎవరో ఒకరు పుల్ల పెడతారు. మీకు ఒక్కరు కూడా పెట్టలేదు."

గుండెల మీది బండ దిగినట్టయింది. మాస్టారు కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. పోయిన వారమే, అడగకుండానే టైలరమ్మ ప్రయాణానికని కోటు కుట్టి పంపింది. కొట్టాయన సామాను సర్దుకోమని అట్టపెట్టెలు గుమ్మంలో పెట్టించాడు. తాళాలు తన చేతికిచ్చి ఎన్నాళ్ళయినా నిశ్చింతగా ఉండమన్నాడు బ్యాంకాయన. అప్పుడు అన్నిట్లోనూ ఏదో వెటకారం ఉందనుకున్నారు మాస్టారు. తప్పులు వెతకడానికి అలవాటు పడ్డ కళ్ళకు మనుషులు ఆనలేదు.

గోడ మీది భార్య ఫొటో వైపు చూశారు. "విన్నావా? అందరూ మనవాళ్ళేనే." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అబ్బాయ్, ఆ రిపోర్టు పంపకు."

"ఏమైంది మాస్టారూ?"

"ఇలాంటి మనుషుల్ని వదిలి పరాయి దేశంలో ఏం చేస్తాను? ఇక్కడే ఉంటాను. రోజూ సాయంత్రం వీధిలో పిల్లలందరికీ ఇంగ్లీషు చెబుతాను. పెద్దవాళ్ళక్కూడా."

కానిస్టేబులు మొహం పాలిపోయింది. కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర టైలరమ్మ, కొట్టాయన, బ్యాంకాయన ఒకచోట చేరి కళ్ళార్పకుండా ఇటే చూస్తున్నారు.

"అంత మాటనకండి మాస్టారూ, మంచిగా చెబితే మీరు ఖాయంగా వెళ్ళిపోతారని వాళ్ళకి మాటిచ్చాను."