బిచ్చయ్య భుజం

ఆగండాగండి. చేతిలో పని కాస్త పక్కన పెట్టి ఇది వినండి, తర్వాత మీ ఇష్టం.

తాండూరు బస్టాండు వెనక ఓ జిమ్. మెట్లెక్కుతుంటేనే పాటల మోత, ఇనుము చప్పుడు. లోపలంతా అద్దాల్లో కండలు చూసుకునే కుర్రాళ్ళు. వాళ్ళ మధ్య పంచె కట్టుకున్న బిచ్చయ్య. యాభై దాటిన మనిషి. గోడ మీద ఎడమ చేతి వేళ్ళను బల్లిలా పైకి పాకిస్తున్నాడు. భుజం దాకా వెళ్ళి ఆగిపోయాయి వేళ్ళు.

"జర ఇంకొంచెం చాచా," అన్నాడు కాశిఫ్. జిమ్ నడిపేది అతనే.

"ఇగ లేస్తలేదు సారూ."

"నిన్న చెవి దాంక వచ్చె కద."

"నిన్న వచ్చింది. ఇయ్యాల వస్తలేదు."

ఎడమ భుజం పట్టేసి చాలా నెలలైంది. చొక్కా కూడా తొడుక్కోలేడు. వికారాబాద్‌లో ఎముకల డాక్టర్ చూసి, బరువులు వద్దు, మెల్లగా కదిలిస్తూ పోవాలి అన్నాడు. కాశిఫ్ ఫిజియోథెరపీ చదివినవాడని చీటీ రాసి ఇక్కడికే పంపాడు. కదిలించకపోతే ఆ చెయ్యి జన్మంతా అంతేనని కూడా చెప్పాడు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది సంతోష్. బషీరాబాద్ దగ్గర బిచ్చయ్య వాళ్ళ ఊరి పెద్ద పటేల్‌కు మనవడు. ఫీజులన్నీ అతనివే. రోజూ కారులో తెచ్చి, అయ్యేదాకా కూర్చుని, మళ్ళీ తీసుకెళ్తాడు. కారెక్కే ముందు సీటు మీద తువ్వాలు పరుస్తాడు.

"చెమటయితది, దీని మీద కూసో బిచ్చయ్యా."

దారిలో ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ. బిచ్చయ్యకు ప్లాస్టిక్ గ్లాసు. ప్రతిసారీ కొత్తదే.

"మా నాయిన నన్ను గూడ ఎన్నడు గిట్ల తోల్కపోలె," అన్నాడొక కుర్రాడు డంబెల్ దించుతూ. "కాకా, మీ పటేల్‌ను నన్ను దత్తత తీస్కోమని అడుగరాదు."

అందరూ నవ్వారు. బిచ్చయ్యా నవ్వాడు, పెదాలతో.

అతని భయం వేరే. చెయ్యి లేస్తే పాత పనికి పోవాలి. హైదరాబాద్‌లో డిగ్రీ చదివే బిడ్డ అమూల్య, ఆ పని మానెయ్ నాయినా అని ఎన్నిసార్లు ఏడ్చిందో. తండ్రీ, తాతా చేసిన పని. చెయ్యనని ఊరికి చెప్పే నోరు బిచ్చయ్యకు లేదు. భుజం పట్టేసిన రోజు నొప్పికి మెలికలు తిరుగుతూనే లోపల చల్లబడ్డాడు. తను అనలేని మాట భుజం అనేసింది. ఇప్పుడు అందరూ కలిసి దాని నోరు మూయిస్తున్నారు, అదీ ఎంతో ప్రేమగా.

"ఏం పని చాచా నీది? నాపరాళ్ళ గనిలనా?" కాశిఫ్ అడిగాడు.

బిచ్చయ్య సంతోష్ వైపు చూశాడు.

"ఊరందరి పని," అన్నాడు సంతోష్ ఫోన్‌లోంచి తలెత్తకుండా. "బిచ్చయ్య లేకుంటే మా ఊర్ల ఏదీ నడ్వదు."

"అరే, మస్తు ఇజ్జత్ ఉన్నది చాచా నీకు."

బిచ్చయ్య మాట మార్చాడు. "పెద్ద పటేల్ ఎట్లుండు పటేలా?"

"గట్లనే, మంచంల. కండ్లు తెరిస్తే నీ ముచ్చటనే. బిచ్చయ్య చెయ్యి లేచిందా అంటుండు." సంతోష్ కాశిఫ్ వైపు తిరిగాడు. "జల్ది కావాలె భాయ్. తాతకు మాటిచ్చిన."

ఫోన్ మోగింది. సంతోష్ బయటికి వెళ్ళాడు.

కాశిఫ్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "చాచా, నువ్వు కావాలనే ఆపుతున్నవ్. నొప్పి ఉంటే మొఖంల తెలుస్తది. నీ మొఖంల నొప్పి లేదు, భయం ఉన్నది."

"లేస్తలేదని చెప్పు సారూ. నీ కాల్మొక్త."

"ఆపుకుంట పోతే చెయ్యి నిజంగనే పోతది."

"పోతే పోనీ."

కాశిఫ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఏ మనిషైనా తన చెయ్యి వదులుకుంటాడా? "గంత కష్టమా ఆ ఊరందరి పని?"

"కష్టమైతే చేసేటోణ్ణే."

తలుపు తోసుకుని సంతోష్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కు తుడుచుకుని, మాట కూడగట్టుకుని అన్నాడు, "ఊరికి పోవాలె. ఒక్కసారి లేపి చూపియ్యి బిచ్చయ్యా. లేస్తే ఇద్దరం పోదం. లేవకుంటే ఇంకోల్లను చూస్కోవాలె, తాతకిచ్చిన మాట పాయె."

సంతోష్ తనే పట్టుకుని లేపబోయాడు. బిచ్చయ్య మోచేతి దాకా వచ్చిన అతని చెయ్యి అక్కడే ఆగింది. వెనక్కి తీసుకుని కాశిఫ్‌కు సైగ చేశాడు.

కాశిఫ్ మోచేతి కింద అరచెయ్యి పెట్టాడు. ఎవరో పాట ఆపేశారు. కుర్రాళ్ళంతా బరువులు దించి చుట్టూ చేరారు.

"కాకా, లేపు కాకా," అన్నారు. "నీతోని అయితది."

నొప్పి లేదు. ఎప్పుడో పోయింది. వేళ్ళు గోడ మీద భుజం దాకా పాకి ఆగాయి.

ఇప్పుడు చెప్పండి, కింద కారు డిక్కీలో, ఇందాకే ప్రాణం పోయిన పెద్ద పటేల్ శవం ముందు భుజాన వేసుకుని నడుస్తూ మోగించాల్సిన, సంతోష్ పొద్దున్నే బిచ్చయ్యతో పెట్టించిన డప్పు ఆ ఎడమ భుజం కోసమే ఎదురు చూస్తోందని తెలిసి, మీరైతే ఆ చెయ్యి ఎత్తుతారా?