అవతలి గట్టు ఆవిడ

ఆవిడ ముందు మళ్ళీ క్యూ కట్టారు!

పెన్సిలాయనకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచీ తన కుర్చీలో కూర్చున్నవాడు ఒక్కడే. వాడు కూడా బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్నాడు.

ఊళ్ళో సగం ఉంటుంది ఆ పార్కు. ఒక గేటు దగ్గర వాన పడుతుంటే ఇంకో గేటు దగ్గర ఎండ కాస్తుంది. అందులో కొలను పక్కన పెద్ద చెట్టు కింది చోటు పెన్సిలాయనది. వచ్చేపోయేవాళ్ళ బొమ్మలు గీస్తూ ఇరవై రెండేళ్ళు అక్కడే గడిపాడు. జుట్టు కూడా అక్కడే నెరిసింది. ఏ బెంచీ మీదికి ఎన్నింటికి ఎండ వస్తుందో, ఏ కొమ్మ ఎప్పుడు ఆకు రాలుస్తుందో ఆయన్నే అడగాలి. పార్కు తనదే అనుకున్నాడు, పిచ్చి మారాజు!

ఆరు నెలల కిందట కొలనుకి అవతల ఆవిడ కుర్చీ వేసింది. అంతే, పార్కు ప్లేటు ఫిరాయించింది. గాలి అటే, నీడ అటే, జనమూ అటే.

"ఆవిడ గీస్తే మనిషి మొహంలో నవ్వు కనిపిస్తుందండీ. మీరు గీస్తే గుర్తింపు కార్డు ఫొటోలా ఉంటుంది" అంది, రోజూ నడకకొచ్చే టీచరమ్మ. మొహం మీదే!

పోనీ, సొంత విద్యా? అదీ కాదు. బొమ్మని చెవితో మొదలుపెట్టడం పెన్సిలాయన పద్ధతి. కళ్ళు కదులుతాయి, పెదాలు కదులుతాయి, చెవి ఒక్కటే బుద్ధిగా ఉంటుందని ఆయన లెక్క. ఆవిడా చెవితోనే మొదలుపెడుతుంది. ఏకు మేకై కూర్చుందంటే ఇదే!

నాలుగున్నరకి కొలను మీంచి వెలుగు ఎగిరొచ్చి ఎదుటివాళ్ళ మొహాల మీద పడుతుంది. సరిగ్గా ఆ టైముకి ఆవిడ కుర్చీ తిప్పుతుంది. ఇన్నేళ్ళు తను ప్రాణంలా చూసుకున్న పార్కు, ఆరు నెలల్లో ఆవిడ దగ్గర గుట్టంతా విప్పేసిందా?

"ఏమండోయ్, కూరలో ఉప్పు తక్కువైందా? మొహం అలా పెట్టారు!" అవతలి గట్టు నుంచి ఆవిడ కేకేసింది. క్యూలో వాళ్ళు కిసుక్కున నవ్వారు.

పెన్సిలాయన పళ్ళు కొరుకుతూ పెన్సిల్ చెక్కాడు. మొన విరిగింది.

అప్పుడే పార్కు ఆఫీసరు వచ్చి పక్కన కూర్చున్నాడు. కొత్తవాడు. చేరి వారం కూడా కాలేదు.

"పెద్దాయనా, పైనుంచి ఆర్డరొచ్చింది. రేపట్నుంచి ఇక్కడ ఒక్క ఆర్టిస్టుకే పర్మిషను. మీరా ఆవిడా అన్నది నేను తేల్చాలి. బొమ్మల్లో నాకు ఓనమాలు రావు. మీరే చెప్పండి, ఆవిడ ఎలా గీస్తారు?"

పెన్సిలాయన గుండె ఝల్లుమంది. ఈ చెట్టు పోతే ఇంక తనకి మిగిలేదేముంది? అవతలికి చూశాడు. ఆవిడ ఒక ముసలాయన బొమ్మ పూర్తిచేసి చేతికిచ్చింది. ఆ ముసలాయన దాన్ని తేరిపార చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తన బొమ్మ చూసి ఇరవై రెండేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు కంటతడి పెట్టలేదు. 

"ఏం గీస్తుంది సార్, నా మొహం! గీతకి నిలకడ లేదు. ముక్కొస్తే మూతి రాదు. అంతా పైపై మెరుగులు."

"అదే రాసిస్తారా?"

రాసిచ్చాడు. కింద సంతకం కూడా పెట్టాడు. 

ఆఫీసరు ఫైలు మూసి నిట్టూర్చాడు. "రూలు రూలే అనుకోండి. పాపం, పొద్దస్తమానం అక్కడే కూర్చుని కష్టపడుతున్నారు... ఇంతకీ ఆవిడగారి ఆయన ఏం చేస్తారో మీకేమైనా తెలుసా?"

పెన్సిలాయన మొన విరిగిన పెన్సిల్‌ని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ చెట్టు కిందే బొమ్మలు గీస్తున్నాను సార్."