పన్నెండు ప్లాన్లు

మళ్ళీ అంతే. తెర మీద గుండ్రంగా చుక్కలు తిరిగాయి, నీలం రంగు పరుచుకుంది, ఆరిపోయింది. పొద్దున్నుంచి ఇది పద్నాలుగోసారి.

అతను కంప్యూటర్ మెకానిక్. ఎనిమిదితో బడి మానేసినా వీధిలో అందరూ డాక్టరనే పిలుస్తారు. ఇవాళ షాపు మూసేసి ఇంట్లోనే ఉన్నాడు.

భార్య ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. పెద్ద ఊళ్ళో ఒక కంపెనీ ఆమెవి పన్నెండు ప్లాన్లు అడిగింది. సాయంత్రం ఐదులోగా పంపితే ఉద్యోగం ఖాయమంది. అవన్నీ పదేళ్ళనాటి ఈ కంప్యూటర్ డబ్బాలోనే ఉన్నాయి. ఇంకో కాపీ ఎందుకు పెట్టుకోలేదని అతను ఒక్క మాటా అనలేదు.

కుంచెతో దుమ్ము దులిపాడు. బ్యాటరీ మార్చాడు. షాపు నుంచి వేరే పవర్ సప్లై తెచ్చి బిగించాడు. నీలం తెర మీద ఇంగ్లీషు చదవడం ఆమె పని.

"మెమరీ అంటోందండీ."

"తెర చెప్పేవన్నీ నిజం కావు." అయినా ఆ మెమరీ ముక్కని, ర్యామ్‌ని, పీకి, దాని అంచు పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్ళీ నొక్కాడు. పదిహేనోసారీ నీలమే.

"డిస్కు తీసి వేరేదాంట్లో పెడితే?"

"అది కొనఊపిరితో ఉంది. ఇప్పుడు కదిపితే ఉన్నవీ పోతాయి."

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. డాక్టరు మాటకి ఎదురేముంది.

ఎదురింటి టైలరు తొంగిచూశాడు. ఊరందరివీ బాగుచేసేవాడికి ఇంట్లోది లొంగలేదా అని నవ్వాడు. "అయినా వదినకి ఉద్యోగమొస్తే నీకు షాపెందుకన్నా. రోజూ క్యారేజీ మోసుకెళ్ళి ఇస్తే చాలు."

అతనూ నవ్వాడు. మూడు వారాలుగా వీధి వీధంతా ఇదే హాస్యం.

చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "విప్పేయండి, ఉడికిపోతున్నారు," అంది భార్య.

"పర్లేదులే."

నాలుగున్నరకి ఆమె గడియారం చూడటం మానేసింది. ఐదూ పదికి కంపెనీకి ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమని అడిగింది. కుదరదన్నారు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"నావల్ల కాలేదు," అన్నాడు తలెత్తకుండా.

"మీరేం చేస్తారు. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు." అతని భుజం నిమిరి, మొహం కడుక్కోడానికి లోపలికి వెళ్ళింది.

కుళాయి చప్పుడు మొదలయ్యాక అతను, షాపులో చెత్తడబ్బాలోంచి ఏరి తెచ్చి పెట్టిన ఆ చెడిపోయిన ర్యామ్ పీకేసి, పొద్దున ఆమె లేవకముందే తీసి చొక్కా కింద నడుముకి దోపుకున్న మంచి ర్యామ్‌ని దాని చోట నొక్కాడు.